మెరియన్ వీధి, 24వ నంబరు ఇల్లు: డబ్లిన్‌లో అయిదు రోజులు

మొదటి రోజు

డబ్లిన్ ఎయిర్‌పోర్టులో నా చేతిలోని బ్యాగు అందుకుంటూ తమ్ముడు అడిగిన మొదటి మాట, "అక్కా, ఎక్కడెక్కడికి పోదామో రాసుకొచ్చినావా?" రాసుకొచ్చాను. కాగితంలో అన్నిటికంటే పైన ఒక అడ్రసుంది. 24, అప్పర్ మెరియన్ స్ట్రీట్. వాడు చూసి, "ఇది ఫైవ్ స్టార్ హోటల్ కదక్కా. ఆరేళ్ళ నుంచీ ఈ ఊళ్ళో ఉన్నా, మేమే ఎప్పుడూ లోపలికి పోలేదు" అన్నాడు.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఏటా ఒక పాఠం దగ్గర మాత్రం నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 1800 అక్టోబరు 12న నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. మైసూరు యుద్ధాల తర్వాత 1792లోనూ, 1799లోనూ తన వాటాకు వచ్చిన బళ్ళారి, కడప సీమలను కంపెనీకి రాసిచ్చేశాడు. హైదరాబాదు రాజ్యంలో కాపలా ఉండే కంపెనీ సైన్యం ఖర్చుల కింద ఇచ్చిన ఇలాకా అది. మా ఊళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. అలా మేము కంపెనీ కాగితాల్లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్, అంటే రాసిచ్చేసిన జిల్లాలు, అయ్యాం, తెలుగులో దత్త మండలాలం అయ్యాం. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు "రాయలసీమ" అనే పేరు సూచించేదాకా మా పేరు అదే. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. సినిమా కలెక్షన్ల లెక్కల్లో నైజాం తర్వాత వచ్చే మాట "సీడెడ్" కదా. క్లాసులో అడిగితే సగం మంది పిల్లలు అది విత్తనాలకు సంబంధించిన మాటేమో అంటారు.

ఆ ఒప్పందం నాటి గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లస్లీ. ఆయన ఇంగ్లండువాడనే చాలాకాలం అనుకున్నాను. కాదు, ఐర్లండులో పుట్టి పెరిగినవాడు. ఆ కుటుంబం డబ్లిన్‌లో కాపురమున్న ఇల్లే ఈ 24వ నంబరు. మా సీమ తలరాత మార్చిన మనిషి ఏ గడప దాటి బయటికొచ్చాడో ఒకసారి చూడాలని ఎప్పటి నుంచో కోరిక.

మే నెల. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోలేదు. మరదలు పెట్టిన రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి తిని, ప్రయాణపు బడలిక ఉన్నా ఆగలేక బయల్దేరాం. మా మేనకోడలికి తొమ్మిదేళ్ళు, అది కూడా వెంటపడింది.

మెరియన్ వీధిలో ఒకవైపు తెల్లరాతి ప్రభుత్వ భవనం, ఐర్లండు ప్రధానమంత్రి ఆఫీసు. దానికి ఎదురుగా వరసగా నాలుగు ఇటుక ఇళ్ళు, 21 నుంచి 24 దాకా. బోర్డు చూడకపోతే హోటలని తెలియదు. రంగులు లేవు, బొమ్మలు లేవు, బాల్కనీలు లేవు. ఉన్నదంతా కిటికీల్లోనే ఉంది. మొదటి అంతస్తులో అన్నిటికంటే పొడుగు కిటికీలు, పైకి పోయేకొద్దీ పొట్టివి, చిట్టచివర దాదాపు చదరంగా. అతిథులు కూర్చునే హాళ్ళు మొదటి అంతస్తులో ఉండేవి కాబట్టి అక్కడ ఎక్కువ వెలుతురు, పైన పనివాళ్ళు పడుకునే గదులకు తక్కువ వెలుతురు. ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏదో వీధిలో నిలబడే చదవొచ్చు.

"అత్తా, జార్జియన్ అంటే జార్జియా దేశం వాళ్ళు కట్టినారా?" అని అడిగింది పాప. మంచి ప్రశ్నే. 1714 నుంచి 1830 దాకా బ్రిటన్‌ను వరసగా నలుగురు జార్జి రాజులు ఏలారు, ఆ కాలపు కట్టడాలను జార్జియన్ అంటారని చెప్పాను. తలుపు పైన అర్ధచంద్రాకారంలో అద్దాల కిటికీ చూపించి, "ఈ కాలపు ఇంటికి ఇదే గుర్తు" అన్నాను. తిరిగి వచ్చే దారిలో అది ప్రతి తలుపూ లెక్కపెట్టింది.

రెండో రోజు

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని హెన్రియెట్టా వీధికి పోయాం. హోటల్లోకి పోయే ముందు ఈ ఇల్లు చూడాలని నా పట్టుదల. డబ్లిన్‌లో జార్జియన్ ఇళ్ళన్నీ హోటళ్ళు కాలేదు. ఎక్కువ ఇళ్ళకు పట్టిన గతి ఏమిటో 14వ నంబరులో తెలుస్తుంది.

దారిలో కాలేజ్ గ్రీన్ దగ్గర ఆగాం. పెద్ద పెద్ద స్తంభాల భవనం, ఇప్పుడు బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్. 1729లో ఐర్లండు పార్లమెంటు కోసం కట్టడం మొదలుపెట్టారు. 1800లో ఆ పార్లమెంటు తనను తానే రద్దు చేసుకుంటూ ఓటు వేసింది. లంచాలు, బిరుదులు ధారాళంగా పంచాకే ఆ ఓటు పడింది. 1801 జనవరి 1 నుంచి ఐర్లండు బ్రిటన్‌లో కలిసిపోయింది, భవనం బ్యాంకుకు అమ్ముడుపోయింది. నేను ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. 1800. మా సీమను రాసిచ్చిన సంవత్సరం. డబ్లిన్ తన పార్లమెంటును పోగొట్టుకున్న సంవత్సరం కూడా అదే. ఇన్నేళ్ళు ఆ రెండు తేదీలూ వేరే వేరే పాఠాల్లో చెప్పాను, పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

పార్లమెంటు పోయాక ప్రభువులకు డబ్లిన్‌లో పని లేకపోయింది. ఇళ్ళు అమ్ముకుని లండన్‌కు తరలిపోయారు. హెన్రియెట్టా వీధిలో 14వ నంబరు ఇల్లు 1740లలో ల్యూక్ గార్డినర్ అనే సంపన్నుడు కట్టించింది. మొదట మోల్స్‌వర్త్ ప్రభువు కుటుంబం ఉండేది. తర్వాత లాయర్లు, ఆఫీసులు, సైనికుల బ్యారక్. 1877లో థామస్ వాన్స్ అనే ఆయన కొని, పెద్ద మెట్లదారి పీకించి, ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చాడు. 1911 జనాభా లెక్కలనాటికి ఆ ఒక్క ఇంట్లో 17 కుటుంబాలు, 100 మంది మనుషులు. ప్రభువులు విందులు చేసుకున్న హాలును చెక్కలతో అడ్డగట్టుకుని ఒక్కో మూల ఒక్కో సంసారం. 1970ల చివరిదాకా మనుషులున్నారు. ఇప్పుడు మ్యూజియం, గైడుతోనే లోపలికి పోనిస్తారు.

వెనకవైపు మెట్ల గోడ దగ్గర నేను ఆగిపోయాను. కింది సగం ఎరుపు, పైది నీలం. గైడమ్మ చెప్పింది, ఎరుపు ఎర్రమన్నుతో చేసిన రంగు, నీలం బట్టలకు పెట్టే నీలిమందు, రెండూ చవక కాబట్టి వాటాల ఇళ్ళన్నిటికీ ఇవే పూసేవారట. నాకు గొంతు పట్టేసింది. మా ఇంట్లో పండక్కి అమ్మ అరుగులకు జాజు పూసేది. సున్నంలో కాస్త నీలిమందు కలిపి గోడలకు కొట్టేది. అవే రెండు రంగులు. ఆ గోడ మీద మోచేతి ఎత్తులో రంగు అరిగి నున్నగా మెరుస్తోంది, వందేళ్ళు పిల్లలు చేతులు రాసుకుంటూ పరుగెత్తిన జాడ. ముట్టుకోకూడదన్నారు, ముట్టుకోలేదు.

మూడో రోజు

నాకు తెలియకుండా తమ్ముడూ మరదలూ హోటల్లో ఒక రాత్రికి గది తీసుకున్నారు. "పద్దెనిమిదేళ్ళు చెప్పిన పాఠం కదక్కా, ఒక్కరాత్రి ఆ ఇంట్లో పడుకో" అన్నాడు వాడు. ఎంతయిందో చెప్పలేదు. పాపను నాతో పంపించారు.

ఇంటి కథ ముందు చెబుతాను. ఈ నాలుగు ఇళ్ళనూ 1760లలో చార్లెస్ మంక్ అనే ప్రభువు కట్టించాడు. 22లో తాను ఉన్నాడు, మిగతావి డబ్బున్నవాళ్ళకు ఇచ్చాడు. అన్నిట్లోకీ పెద్దది 24వ నంబరు. 1769లో దాన్ని తీసుకున్నవాడు మార్నింగ్టన్ ప్రభువు గారెట్ వెస్లీ. ఈయన సంగీత విద్వాంసుడు, ట్రినిటీ కాలేజీలో మొదటి సంగీత ప్రొఫెసర్. ఆయన పెద్దకొడుకు రిచర్డ్‌కు అప్పటికి తొమ్మిదేళ్ళు, సరిగ్గా మా పాప వయసు. ఆ ఏడాదే ఇంకో కొడుకు పుట్టాడు, ఆర్థర్. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఆయనే. ఎక్కడ పుట్టాడన్నదాని మీద రెండు మూడు వాదాలున్నాయి గానీ ఎక్కువమంది చెప్పేది ఈ ఇంటినే. వెస్లీ అనే ఇంటిపేరును రిచర్డ్ అంతకుముందే వెల్లస్లీ అని మార్చుకున్నాడు. ఆర్థర్ మార్చుకున్నది 1798లో, రిచర్డ్ గవర్నర్ జనరల్‌గా కలకత్తా చేరిన ఏడాది.

సంగీతం ప్రొఫెసరు గారు 1781లో చాలా అప్పులు మిగిల్చి పోయారు. 1791లో ఈ ఇల్లు క్లోన్‌కరీ ప్రభువుకు 8,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. పదేళ్ళ తర్వాత, పార్లమెంటు రద్దయ్యాక, ఆయన కొడుకు అదే ఇంటిని అమ్మితే వచ్చింది 2,500 పౌండ్లు. ఒక ఊరు రాజధానిగా ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఎంతో తెలియాలంటే ఈ రెండు అంకెలు చాలు. మన వైపు రాజధానులు మారినప్పుడల్లా ప్లాట్ల ధరలు ఏమయ్యాయో చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

తర్వాత చాలా చేతులు మారి, చివరికి ప్రభుత్వ ఆఫీసులయ్యాయి. 1990లలో నాలుగు ఇళ్ళనూ కలిపి, పాత గదులు పాతవిగానే ఉంచి బాగుచేసి, వెనక తోటవైపు కొత్త భాగం కట్టి, 1997 అక్టోబరులో హోటల్ తెరిచారు. పేరు ది మెరియన్.

లోపల అడుగుపెట్టగానే తెలిసింది, బయట అంత మామూలుగా ఎందుకు ఉందో. ఆడంబరమంతా లోపల దాచుకున్నారు. 24వ నంబరులో తలెత్తి చూస్తే కప్పు నిండా గచ్చు పని. ఆకులు, తీగలు, గవ్వల్లాంటి వంపులు. ఏ వైపూ ఇంకో వైపులా ఉండదు. ఒక తీగ మూల దగ్గర అంచు దాటి పక్క పలకలోకి పాకింది. పనివాడి చెయ్యి అక్కడ ఒక క్షణం సరదాపడిందేమో అనిపిస్తుంది. రెండున్నర వందల ఏళ్ళ కిందట పరంజా మీద వెల్లకిలా పడుకుని, తడి సున్నం ఆరేలోపల ఆ ఆకు అంచు వంచిన మనిషి వేలు నాకు కనిపించినట్టే ఉంది. మన కోట గోడల్లో కూడా ఇలాంటి గచ్చు పని ఉండేది. గండికోటలో ఎంత రాలిపోయిందో అందరం చూస్తూనే ఉన్నాం.

మధ్యాహ్నం టీకి హాల్లో కూర్చున్నాం. ఈ హోటల్ టీకి ఒక పద్ధతుంది. గోడల మీద ఐర్లండు చిత్రకారుల బొమ్మలు చాలా ఉన్నాయి. కవి యేట్స్ తమ్ముడు జాక్ యేట్స్ వేసినవి, ఇంకా చాలామందివి. ఆ బొమ్మల రంగులు, ఆకారాలు తీసుకుని వంటవాళ్ళు చిన్న చిన్న కేకులు చేస్తారు. ఏ కేకు ఏ బొమ్మదో వెతుక్కోమని పాపకు చెబితే గది గదీ తిరిగి రెండు కనిపెట్టింది. పొయ్యిలో మంట వెలుగుతోంది. కట్టెలతో పాటు పీట్ కూడా వేస్తారట, తడినేలల్లో కోసి ఎండబెట్టిన నల్లటి మట్టిగడ్డలు. దాని పొగ వాసన పిడకల పొయ్యికి దగ్గరగా ఉంది.

అక్కడ పనిచేసే ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాడు, మంట సర్దడానికి వచ్చి ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. వెల్లింగ్టన్ ఇల్లు చూడటానికి వచ్చారా అన్నాడు, అందరూ అందుకే వస్తారట. నేను వెల్లింగ్టన్ అన్న కోసం వచ్చానన్నాను. మా జిల్లాల సంగతి చెప్పాను. ఆయన నింపాదిగా విన్నాడు. విని, "మా ఇంట్లో ఈ అడ్రసుకు వేరే గుర్తుంది" అన్నాడు. ఆయనది పడమటి వైపు పల్లె. తాత కౌలుదారు. ఆ తాతకు భూమి సొంతమైన కాగితాలు వచ్చింది ఈ వీధి నుంచేనట.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. చదివే ఉన్నాను గానీ మనిషి నోట వినడం వేరు. ఐర్లండ్ ల్యాండ్ కమిషన్ ఆఫీసు ఈ 24వ నంబరులోనే ఉండేది. 1881లో కౌలు రేట్లు తేల్చడానికి ఏర్పడిన సంస్థ అది. తర్వాత చట్టం మీద చట్టం వచ్చి, దాని పనే మారిపోయింది. జమీందారు దగ్గర భూమి కొనడం, దున్నే కౌలుదారుకు అప్పు మీద ఇవ్వడం, ఆ అప్పు ఏళ్ళ తరబడి చిన్న చిన్న వాయిదాల్లో కట్టించుకోవడం. 1903 నాటి విండమ్ చట్టంతో ఈ పని ఊపందుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1923లో మరింత అధికారం ఇచ్చారు. ఇవ్వనంటే బలవంతంగా తీసుకునే హక్కు కూడా. ప్రభువుల భోజనాల హాల్లో, ఈ తీగల కప్పు కింద, గుమాస్తాలు బల్లలు వేసుకుని ప్రభువుల భూములు రైతుల పేరిట రాశారు. 1999లో కమిషన్‌ను మూసేశారు.

"మా తాత ఎప్పుడూ డబ్లిన్ చూడలేదు. కాగితం పైన ఉన్న అడ్రసు మాత్రం నోటికి వచ్చు" అన్నాడాయన. నేనేమీ మాట్లాడలేకపోయాను. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాను. ఆయన కూడా అలాగే చేశాడు.

రాత్రి పాప నిద్రపోయింది. నాకు నిద్ర పట్టలేదు. సీడెడ్ జిల్లాల మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఉన్నాడు. మన పాలెగాళ్ళను, దాదాపు ఎనభై మందిని, అణిచేశాడు. ఊరూరూ తిరిగి భూములు కొలిపించి, రైతు పేరనే పన్ను కట్టించే పద్ధతికి పునాది వేసినవాడూ ఆయనే. తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. సీమలో ఆయనను ఇప్పటికీ మంచిగా తలుచుకునేవాళ్ళున్నారు, తిరుమలలో మన్రో గంగాళం ఉండనే ఉంది. నా మనసు మాత్రం ఎప్పుడూ రెండుగానే ఉంటుంది. పన్ను మొదట్లో మోయలేనంత ఉండేది. కరువులో కూడా కట్టమనేవారు. ఆ పన్ను వసూలు చేసే హక్కు కంపెనీకి తెచ్చిపెట్టిన మనిషి ఈ మెట్ల మీద ఆడుకున్నాడు. వందేళ్ళు దాటాక ఇదే ఇంట్లో రైతు పేరిట భూమి రాశారు. ఈ రెండూ ఒకే కప్పు కింద జరిగాయన్న మాట తెల్లవారేదాకా నన్ను పడుకోనివ్వలేదు.

నాలుగో రోజు

పొద్దున తోటలో కాసేపు తిరిగాం. కత్తిరించిన పొదలు, నీళ్ళు, జేమ్స్ జాయిస్ విగ్రహం. పదకొండుకు గది ఖాళీ చేసి ఫీనిక్స్ పార్కుకు పోయాం.

700 హెక్టార్లకు పైగా ఉన్న పార్కు. జింకలు తిరుగుతుంటాయి. అందులో వెల్లింగ్టన్ స్మారక స్తంభం, 62 మీటర్ల ఎత్తు. 1817లో మొదలుపెడితే డబ్బుల్లేక ఆగి ఆగి 1861కి పూర్తయింది. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అడుగున నాలుగు వైపులా కంచు పలకలు, వాటర్లూలో పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోసినవి. ఒకటి వాటర్లూ, ఒకటి కాథలిక్కులకు హక్కులిచ్చిన 1829 చట్టానిది. మూడోది భారత యుద్ధాలు. నాలుగోదాని మీద పద్యం. ఆసియా, యూరప్ రెండూ నీవల్ల రక్షణ పొంది నీ పేరు చాటుతున్నాయని అందులో ఉంటుంది.

భారత యుద్ధాల పలక ముందు నిలబడ్డాను. ఆర్థర్ వెల్లస్లీ 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నాడు, హైదరాబాదు నుంచి వెళ్ళిన నిజాం సైన్యం ఆయన చేతి కిందే నడిచింది. 1803లో అస్సాయే యుద్ధం గెలిచాడు. శ్రీరంగపట్నం పడిపోయాక నిజాం వాటాకు వచ్చిన సీమలు ఏడాదికే కంపెనీకి పోయాయి, 1792లోనే నిజాం చేతికి పోయిన మా కడప కూడా వాటితోపాటే పోయింది. నల్లటి కంచు మీద మనుషులు మనుషుల మీద పడుతున్నారు. ఆసియాను రక్షించాడన్న మాట నేను ఒప్పుకోను. అక్కడే నిలబడి పాపకు అదే చెప్పాను. "మరి ఎందుకు రాసినారు?" అంది. రాసినవాళ్ళు గెలిచినవాళ్ళు కాబట్టి అని చెప్పాను.

పాప మొహం చిన్నబోయింది. తను పెరిగింది ఈ ఊళ్ళోనే, తన ఊరి మీద కోపంగా ఉన్నానేమో అనుకుంది. అందుకని గడ్డిలో కూర్చోబెట్టి మదనపల్లె కథ చెప్పాను. మార్గరెట్ కజిన్స్ ఐర్లండు మనిషి. డబ్లిన్‌లో సంగీతం చదువుకుంది, ఇక్కడే ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు పోయింది. భర్త జేమ్స్ కజిన్స్ కవి. ఇద్దరూ 1915లో ఇండియాకు వచ్చి మదనపల్లె కాలేజీలో చేరారు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ అక్కడికి వచ్చి కొన్నాళ్ళున్నారు. జనగణమన ఇంగ్లీషులోకి రాసుకున్నది అక్కడే. దానికి స్వరలిపి కూర్చింది మార్గరెట్. మదనపల్లె అప్పటికి చిత్తూరు జిల్లాలోకి పోయింది గానీ 1911 దాకా కడప జిల్లాదే, అంటే అది కూడా దత్త మండలమే. "మీ డబ్లిన్ నుంచి మాకు వెల్లస్లీ ఒక్కడే రాలేదు" అన్నాను. పాప నిలబడి, అక్కడే, ఆ స్తంభం ముందు, జనగణమన మొత్తం పాడింది. వాళ్ళ తెలుగు బడిలో నేర్పారట. జింకల ఫోటోలు తీసుకుంటున్న ఎవరో ఇద్దరు ఆగి విన్నారు.

అయిదో రోజు

చివరి రోజు. కారులో వాయవ్యంగా గంట దూరం, మీథ్ కౌంటీలో డాంగన్. వెల్లస్లీల పల్లెటూరి కోట. రిచర్డ్ పుట్టిన చోటు. అన్నదమ్ములు బాల్యం గడిపింది డబ్లిన్ ఇంట్లోనూ, ఇక్కడానూ. ఇదీ చేతులు మారింది, 1809లో మంటల్లో కాలిపోయింది.

పొలాల మధ్య రోడ్డు పక్కన కారు ఆపాం. లోపలికి పోకూడదు, ఎవరిదో సొంత భూమి. కంచె ఇవతలి నుంచే చూశాం. కప్పు లేదు. గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి, కిటికీలుండిన చోట్ల ఆకాశం. చుట్టూ పచ్చిక, పచ్చికలో ఆవులు. అయిదు నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు. నాకు రిచర్డ్ మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. మూడో రోజు చూసిన ఆ గచ్చు ఆకు గుర్తొచ్చింది. ఇక్కడ కూడా ఎవడో పనివాడు అలాంటివి చేసి ఉంటాడు, అవి మంటల్లో పోయాయి. అక్కడ ఆఫీసులుండి, తర్వాత హోటలై, రోజూ ఎవరో ఒకరు దుమ్ము దులుపుతున్నారు కాబట్టి మిగిలాయి. హైదరాబాదు కోఠిలో రెసిడెన్సీ కూడా ఈ కాలపు కట్టడమే. దత్త మండలాల ఒప్పందం కుదిర్చిన రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్ కట్టించింది. ఆడపిల్లల కాలేజీగా ఉండబట్టే అది కూడా నిలిచింది. పిల్లలను ఈసారి అక్కడికి తీసుకుపోవాలి.

నాన్నకు ఫోన్ చేశాను. మా ఊళ్ళో అప్పటికి పొద్దు గుంకింది.

"చూసినావామ్మా ఆ ఇల్లు?"

"చూసినా నాయనా. ఒక రాత్రి పడుకున్నాం కూడా."

"ఎట్లుంది?"

గచ్చు పని చెప్పాను, టీ చెప్పాను. ల్యాండ్ కమిషన్ సంగతి చెప్పాను. జమీందార్ల భూములు తీసుకుని కౌలుదార్లకు రాసిచ్చిన ఆఫీసు ఆ ఇంట్లోనే ఉండిందని చెప్పాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. ఆయన పాసు పుస్తకంలో సర్వే నంబరు సరిచేయించుకోవడానికి ఎన్నేళ్ళు తిరిగాడో నాకు తెలుసు.

"ఎన్నేండ్లు పట్టిందంటమ్మా, వాళ్ళకు అప్పు తీరడానికి?"

"చాలా మందికి అరవై ఏండ్లు దాటింది నాయనా."

"కట్టినారా అంతా?"

"1933లో వాయిదాలు సగానికి తగ్గించినారు. మిగిలింది కట్టినారు."

"ఊఁ" అన్నాడు. తర్వాత, "ఈడ నిన్న రాత్రి మంచి వాన పడింది, దుక్కికి సరిపోతాది. నువ్వెప్పుడొస్తావు?" అన్నాడు.

"ఎల్లుండి పొద్దునకల్లా ఇంట్లో ఉంటా" అన్నాను.